ఇంటి అడ్రస్ కాగితం: ఏ బడికి ఏది పనికొస్తుంది?

జూన్ మొదటి వారంలో మీసేవ కేంద్రాల ముందు పిల్లల చేతులు పట్టుకుని తల్లులు వరుసలో కనబడితే బడులు తెరిచే రోజు దగ్గరికొచ్చిందని అర్థం. మన తెలంగాణలో మామూలుగా జూన్ 12న బడి గంట కొడతారు. వరంగల్‌లో ఒక ప్రాథమిక పాఠశాలకు హెడ్మాస్టర్‌గా ఉన్నప్పుడు ఆ వారమంతా నా టేబుల్ ముందు దాదాపు ఒకటే ప్రశ్న. "సారూ, మేం కిరాయికి ఉంటున్నం. ఓనర్ కరెంటు బిల్లు ఇస్తలేడు. మా పిల్లగాణ్ణి చేర్చుకుంటరా?" ఒకామె రెసిడెన్స్ సర్టిఫికెట్ కోసం రెండు రోజుల కూలి పోగొట్టుకుంది. అది ఇంకా చేతికి రాలేదని భయపడుతూ వచ్చింది. ఆమె ఉంటున్న గది మా బడి ప్రహరీకి ఆనుకునే ఉంది.

ఆమెకు ఆ సర్టిఫికెట్ అవసరమే లేదు. అదే ఏడాది ఇంకో తండ్రికి అవసరం పడింది, ఆయన దగ్గర లేదు. ఆయన కొడుకు నవోదయ (కేంద్ర సర్కారు నడిపే హాస్టల్ బడి) పరీక్ష రాస్తున్నాడు. కాబట్టి ఏ కాగితం మంచిదో అడిగే ముందు, పిల్లను ఏ బడికి పంపుతున్నారో తేల్చుకోవాలి.

ఇంటి పక్క సర్కారు బడి అయితే

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాల్సిందే. పుట్టిన తేదీ రుజువు లేదని వెనక్కి పంపకూడదు. పాత బడి టీసీ ఆలస్యమైందని కూడా ఆపకూడదు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలను చేర్పించే బాధ్యతను చట్టం స్థానిక సంస్థల మీదే పెట్టింది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలని నిబంధన. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. ఆ దూరం సర్కారు బడి పెట్టడానికి గీసిన గీత. పిల్లను గేటు దగ్గర ఆపడానికి గీసింది కాదు.

ఆధార్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదు. అయినా హెడ్మాస్టర్లు అడుగుతారు, నేనూ అడిగాను. పిల్లల వివరాలన్నీ బడుల లెక్కలుండే యూడైస్ పోర్టల్‌లో ఎక్కించాలి, ఆపార్ నంబర్‌కు (ప్రతి విద్యార్థికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఆధార్‌లోని పేరుతో పోల్చి చూస్తారు, ఆధార్ లేకపోతే ఆ పని ఆగిపోతుంది. అడగడం తప్పు కాదు. లేదని తిప్పి పంపడం తప్పు. ఎవరైనా అలా అంటే "ముందు చేర్చుకోండి సార్, ఆధార్ చేయించి తెస్తం" అని నిదానంగా చెప్పండి. అప్పటికీ వినకపోతే మండల విద్యాధికారి దగ్గరికి వెళ్లొచ్చు. గొడవ పడాల్సిన అవసరం చాలా అరుదు. చేరే పిల్లల సంఖ్య తగ్గి టెన్షన్ పడుతున్న బడులే ఎక్కువ.

బడిబాట కార్యక్రమంలో పిల్లలను చేర్పించడానికి టీచర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. మీ గుమ్మం ముందు నిలబడి పిల్ల పేరు రాసుకున్న టీచర్‌కు మీరు ఎక్కడ ఉంటున్నారో చెప్పడానికి వేరే కాగితం ఎందుకు? ఆ రోజుల్లో ఇంట్లో ఒకరు ఉండేలా చూసుకుంటే చాలావరకు పని అయిపోయినట్టే.

కాబట్టి వాడ బడికి తీసుకెళ్లాల్సింది ఇంతే: పుట్టిన తేదీ పత్రం ఉంటే అది, ఆధార్ ఉంటే దాని జిరాక్స్, పనిచేసే ఫోన్ నంబర్. మొదటిదాని గురించి ఒక హెచ్చరిక. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే చెల్లుతుందని జనన మరణాల చట్టాన్ని సవరించారు. ఆ పిల్లలు ఇప్పుడు అంగన్‌వాడీ వయసులో ఉన్నారు. సర్టిఫికెట్ తీయకుండా వదిలేసిన వాళ్లు ఒకటో తరగతి దాకా ఆగొద్దు.

అడ్రస్ నిజంగా లెక్కలోకి వచ్చే బడులు

మొదటిది కేంద్రీయ విద్యాలయం (కేవీ). అక్కడ ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలి. ఎక్కువ సీట్లు కేంద్ర ఉద్యోగులు, సైన్యంలో ఉన్నవాళ్లు ఇలా వరుసలో పోతాయి, అక్కడ తండ్రి బదిలీల లెక్కే ముఖ్యం. మామూలు కుటుంబానికి దారి ఎక్కువగా విద్యాహక్కు కింద ఇచ్చే పావు వంతు సీట్లు. వాటికి దూరం చూస్తారు. జిల్లా కేంద్రాల్లో బడి నుంచి ఐదు కిలోమీటర్ల లోపు, మిగతా చోట్ల ఎనిమిది కిలోమీటర్ల లోపు ఇల్లు ఉండాలి. నివాస రుజువు అడుగుతారు, దూరం ఇంత అని తల్లిదండ్రులు రాసిచ్చే సొంత ప్రకటన కూడా ఒప్పుకుంటారు. తప్పు రాస్తే లాటరీలో వచ్చిన సీటు కూడా పోతుంది. గూగుల్ మ్యాప్‌లో కొలుచుకుని రాయండి.

రెండోది నవోదయ. ఉమ్మడి వరంగల్ జిల్లాది మామునూరులో ఉంది, కరీంనగర్‌ది చొప్పదండిలో, ఆదిలాబాద్‌ది కాగజ్‌నగర్‌లో. ఆరో తరగతిలో చేరడానికి పరీక్ష ఉంటుంది. పిల్ల ఐదో తరగతి అదే జిల్లాలో చదువుతూ ఉండాలి, కుటుంబం ఆ జిల్లాలోనే ఉంటుండాలి. పరీక్షలో పేరు వచ్చాక నివాస ధ్రువపత్రం పెట్టాలి. నేను చూసినంతలో ఎక్కువమంది దెబ్బతినేది మాత్రం ఇంకో చోట. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు ఇస్తారు. ఆ లెక్కకు ఇంటి అడ్రస్ కాదు, బడి అడ్రస్ చూస్తారు. మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లె బడిలోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్క రోజు టౌన్ బడిలో పేరున్నా పట్నం కోటాలోకి వేస్తారు. పర్వతగిరి దగ్గర ఊళ్లో ఉంటూ, మంచి కోచింగ్ ఉంటుందని నాలుగో తరగతిలో హనుమకొండకు మార్చి, ఆ తర్వాత "మాది పల్లెటూరే కదా సార్" అని ఇంటి పన్ను రసీదు పట్టుకొచ్చిన వాళ్లున్నారు. ఆ రసీదుతో అక్కడ ఏ పనీ జరగదు.

గురుకులాల్లో సూటిగా అడ్రస్ పత్రం కంటే కులం, ఆదాయం సర్టిఫికెట్ల మీదే నడుస్తుంది. ఐదో తరగతి ప్రవేశ పరీక్షకు ఆదాయ పరిమితి ఊళ్లలో లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షలు. మీరు పల్లెలో ఉన్నారా పట్నంలో ఉన్నారా అన్నది ఈ అంకెల దగ్గర తేడా తెస్తుంది. ఆదాయం ఇప్పుడు ఉంటున్న మండలంలో, కులం సొంత ఊరి మండలంలో తీసుకోవడం నయం. తాత ముత్తాతల రికార్డు, తెలిసిన మనుషులు అక్కడే ఉంటారు.

కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తే

ఆధార్‌లో ఉన్న అడ్రస్ అన్ని చోట్లా ముందు చూసేది. అన్నిటికంటే ఎక్కువ పాతబడి ఉండేదీ అదే. వరంగల్ అర్బన్ జిల్లా 2021 ఆగస్టులో హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. కాజీపేటలో ఉండేవాళ్ల కార్డుల మీద ఇప్పటికీ వరంగల్ అర్బన్ అనో, ఉమ్మడి జిల్లా నాటి వరంగల్ అనో కనిపిస్తుంటుంది. వాడ బడికి దాన్ని మార్చనక్కర్లేదు. నవోదయ, కేవీ దరఖాస్తు పెట్టేవాళ్లు మాత్రం ముందే మార్చుకోవాలి, ఎందుకంటే ఆన్‌లైన్ ఫారంలో జిల్లా ఎంచుకునే దగ్గరే తేడా వస్తుంది. తల్లి లేదా తండ్రి ఆధార్‌లో కొత్త అడ్రస్ ఉంటే, కుటుంబ పెద్ద ద్వారా మార్చే పద్ధతి 2023 నుంచి ఉంది. పెద్ద తన ఫోన్‌కు వచ్చిన అభ్యర్థనను 30 రోజుల్లో ఒప్పుకుంటే చాలు. పిల్ల పేరు మీద కరెంటు బిల్లు ఎక్కణ్నుంచి తేవాలని తల పట్టుకోవాల్సిన పని లేదు. ఎలాగూ ఐదేళ్లు నిండాక నీలం రంగు బాల ఆధార్‌కు వేలిముద్రలు ఎక్కించాలి, ఏడేళ్ల లోపు అది ఉచితం. ఆ రోజే అడ్రస్ కూడా చూసుకుంటే ఒకే తిరుగుడుతో అయిపోతుంది.

కరెంటు బిల్లు చూపించడానికి తేలిక, కానీ సొంతిల్లు ఉన్నవాళ్లకే. ఎన్పీడీసీఎల్ బిల్లు మీద ఓనర్ పేరుంటుంది, కిరాయిదారు పేరుండదు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తోంది. సున్నా బిల్లు చెల్లదేమో అని కొందరు పక్కన పెడతారు. కట్టాల్సిన సొమ్ము సున్నా అయినా సర్వీస్ నంబర్, ఇంటి నంబర్ దాని మీదే ఉంటాయి కదా, అది బిల్లే. కిరాయిదారు కూడా తన రేషన్ కార్డును ఆ సర్వీస్ నంబర్‌కు కలిపి ఉంటే ఇంకా గట్టి ఆధారం.

కిరాయి అగ్రిమెంట్‌ను వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద పదకొండు నెలలకు రాయించుకోవడం మనకు అలవాటు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలని 1908 నాటి చట్టం చెబుతుంది, అందుకే ఆ పదకొండు. కానీ ఇది ఒంటరిగా నిలబడే కాగితం కాదు. ఓనర్ కరెంటు బిల్లు జిరాక్స్ దానికి జత చేయాలి, రెండింట్లో ఇంటి నంబర్ ఒకటే ఉండాలి. అద్దెకు ఇచ్చినట్టు బయటపడితే ఇంటి పన్ను పెరుగుతుందని కొందరు ఓనర్లు సంతకం పెట్టరు. అలాంటి ఇంట్లో ఉంటే దీని వెంట పడకండి, కింద చెప్పే దారి చూడండి. డబ్బులిచ్చి ఎవరి ఇంటి నంబర్ మీదో దొంగ అగ్రిమెంట్ తయారు చేయించుకోవడం మాత్రం వద్దే వద్దు. సర్కారు బడికి అది అనవసరం, మిగతా చోట్ల తనిఖీలో దొరికితే పిల్ల ఏడాది పోతుంది.

రెసిడెన్స్ సర్టిఫికెట్ మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఇస్తారు. మధ్యలో రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్‌ఐ), మన పెద్దల మాటలో గిర్దావర్, విచారణ చేస్తారు. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ తీసేశాక ఊళ్లలో ఈ విచారణ ఎవరు చేయాలో తెలియక కొన్నాళ్లు జనం తిప్పలు పడ్డారు, 2025లో గ్రామ పాలన అధికారులు వచ్చారు. కిరాయిదారులకు దీనికంటే మంచి కాగితం లేదు. ఓనర్ పేరుతో పని లేదు, సర్కారే "ఈ కుటుంబం ఇక్కడ ఉంటోంది" అని చెబుతుంది. ఇబ్బంది ఒక్కటే, జూన్‌లో అందరూ ఒక్కసారే పడతారు. కులం, ఆదాయం, రెసిడెన్స్ దరఖాస్తులన్నీ అదే సంతకం కోసం కుప్పలుగా ఉంటాయి. ఫిబ్రవరిలోనో మార్చిలోనో పెట్టుకున్నవాళ్లకు ఆ బాధ ఉండదు. విచారణకు వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటే దరఖాస్తు వెనక్కి పోతుంది, పక్కింటి వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

రేషన్ కార్డు అంటే కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పే కాగితం అని గుర్తుపెట్టుకోండి. ఎక్కడ ఉంటున్నారో అది సరిగ్గా చెప్పదు. చాలామంది కార్డు ఊళ్లోనే ఉంచుకుని వరంగల్‌లో బియ్యం తెచ్చుకుంటారు. అందులో తప్పు లేదు, అడ్రస్ రుజువుగా మాత్రం అదే మిమ్మల్ని ఊరికి పంపేస్తుంది. 2025లో కొత్త కార్డులు ఇచ్చినప్పుడు చాలా ఇళ్లలో పిల్లల పేర్లు ఎక్కాయి. ఇంకా ఎక్కనివాళ్లు ఎక్కించుకుంటే పిల్లకు, తల్లిదండ్రులకు సంబంధం చూపడానికి పనికొస్తుంది. గ్యాస్ పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్, ఓటరు కార్డు లాంటివి పక్కన పెట్టే తోడు కాగితాలు, వాటి మీద ఎక్కువ చెప్పేదేమీ లేదు.

ఇల్లు ఒక చోట, మనుషులు ఒక చోట

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇది మామూలే. తండ్రి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు, ఆధార్ అత్తగారి ఊరిది, తల్లి పిల్లలను తీసుకుని తల్లిగారింట్లో ఉంటుంది. ఇక్కడ తండ్రి కాగితాల కోసం వాట్సాప్‌లో ఎదురుచూడటం కంటే తల్లి పేరు మీద తల్లిగారి ఊరిలో రెసిడెన్స్ సర్టిఫికెట్ తీసుకోవడం మేలు. తల్లి ఆధార్ అక్కడికి మారితే పిల్లల ఆధార్ ఆమె ద్వారా మార్చొచ్చు. అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లకైతే, "నా మనవరాలు నా దగ్గరే ఉంటోంది" అని అమ్మమ్మ రాసిచ్చిన కాగితం, ఆమె ఆధార్ జిరాక్స్, వాడ బడికి ఈ రెండూ చాలు.

ఎనుమాముల వైపు జిన్నింగ్ మిల్లులకు, పెద్దపల్లి, కరీంనగర్ జిల్లాల్లోని ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలకు అడ్రసే ఉండదు. బట్టీ యజమాని షెడ్డే ఇల్లు. ఆ పిల్లల విషయంలో అడ్రస్ పత్రం అడగడమే అర్థం లేనిది. ఏ నెలలో వచ్చినా చేర్చుకోవాలి, వెళ్లేటప్పుడు టీసీ ఇవ్వాలి. వాళ్లకు ఒక్క మాట చెప్పండి: పోయేటప్పుడు చెప్పి పొమ్మని. చెప్పకుండా పోతే పోర్టల్‌లో పిల్ల పేరు పాత బడిలోనే చిక్కుకుంటుంది, ఒడిశాలోనో పాలమూరులోనో కొత్త బడి వాళ్లు లాక్కోలేరు. సింగరేణి, రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లకు ఈ గోల లేదు, క్వార్టర్ అలాట్‌మెంట్ ఆర్డర్ జిరాక్స్ సరిపోతుంది. ఎవరూ మారు మాట్లాడరు.

అడ్రస్ కంటే ఎక్కువ కాలం వెంటాడే సంగతి

ఇంతా చెప్పి, తల్లిదండ్రులు అసలు అడగని విషయం దగ్గరికి వస్తాను. ఇప్పుడు ఏ బడిలో వేస్తున్నారన్నది పదిహేనేళ్ల తర్వాత ఉద్యోగాల నోటిఫికేషన్‌లో "లోకల్" లెక్కను తేలుస్తుంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి మధ్య కనీసం నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివితే పిల్ల అక్కడి లోకల్. ఆ ఉత్తర్వుల కింద నేరుగా భర్తీ చేసే ఉద్యోగాల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. అంతకుముందు నాలుగు నుంచి పదో తరగతి వరకు చూసేవాళ్లు, చాలా ఇళ్లలో ఇంకా ఆ పాత లెక్కే నడుస్తోంది. ఇందులో రెసిడెన్స్ సర్టిఫికెట్ ముందుకు రాదు. బడిలో చదవని కాలానికే నివాసం చూస్తారు. చదివిన పిల్లకు బోనఫైడే (ఇక్కడ చదివినట్టు బడి ఇచ్చే పత్రం) రుజువు.

ఉద్యోగాల కోసం జిల్లాలను కలిపి జోన్లుగా, జోన్లను కలిపి మల్టీజోన్లుగా చేశారు. ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్ కుటుంబాన్ని తీసుకోండి. అది జనగామ జిల్లా, యాదాద్రి జోన్, రెండో మల్టీజోన్. తండ్రికి కాజీపేటలో పని దొరికి పిల్లలను అక్కడి బడిలో వేస్తే వాళ్లు హనుమకొండ జిల్లా, భద్రాద్రి జోన్, ఒకటో మల్టీజోన్ అవుతారు. రైల్లో అరగంట దూరం. ఇది నష్టమా లాభమా నేను చెప్పలేను, ఏ జిల్లాలో ఎన్ని ఖాళీలు వస్తాయో ఎవరికి తెలుసు! తెలిసి చేయడం వేరు, తెలియక చేయడం వేరు అంతే. వరంగల్, హనుమకొండ జిల్లాలు రెండూ భద్రాద్రి జోన్‌లోనే ఉన్నాయి కాబట్టి కరీమాబాద్‌లో ఉంటూ హనుమకొండలో చదివినా జోన్ మారదు, జిల్లా పోస్టుల దగ్గర మాత్రం తేడా వస్తుంది. ములుగు, భూపాలపల్లి పిల్లలకు జోన్ కూడా మారుతుంది, అవి కాళేశ్వరం జోన్‌లో ఉన్నాయి. డాక్టర్ సీటు లెక్క మళ్లీ వేరు: 2024లో తెచ్చిన నిబంధనతో తొమ్మిది నుంచి ఇంటర్ వరకు నాలుగేళ్లు తెలంగాణలోనే చదవాలి.

అందుకే ఒకటి నుంచి ఏడో తరగతి మధ్య బడి మార్చాల్సి వస్తే నా సలహా ఇది. మూడు పూర్తయ్యాక నాలుగులో ఒక జిల్లా, ఐదులో ఇంకో జిల్లా ఇలా ముక్కలు చేయొద్దు. ఒకే జిల్లాలో నాలుగేళ్లు నిండనివ్వండి.

నేనైతే

వాడ బడికి పంపేవాడినైతే ఏ సర్టిఫికెట్‌కూ తిరగను, జనన పత్రం మాత్రం తీసి పెట్టుకుంటాను. కిరాయి ఇంట్లో ఉంటూ కేవీ మీద ఆశ ఉంటే మార్చిలోపే తహసీల్దార్ దగ్గర రెసిడెన్స్ సర్టిఫికెట్ తీసుకుంటాను, అగ్రిమెంట్‌ను దానికి తోడుగా మాత్రమే వాడతాను. నవోదయ ఆలోచన ఉంటే మూడో తరగతి నుంచే బడిని కదపను. సొంతిల్లు ఉంటే కరెంటు బిల్లు, ఆధార్ చాలు.

ఇంకొకటి. చేర్పించిన రోజు అడ్మిషన్ రిజిస్టర్‌లో రాసింది మీ కళ్లతో చూడండి. ఇంటిపేరు పూర్తిగా రాశారా, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉందా, తండ్రి పేరు రెండింట్లో ఒకటేనా. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. రిజిస్టర్ మొదటి రోజు సరిగ్గా ఉంటే ఆ అవకాశాలు వాడుకునే పని పడదు. అడ్మిషన్ నంబర్, చేరిన తేదీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఏళ్ల తర్వాత బోనఫైడ్ కోసం వస్తే, క్లర్కు పాత రిజిస్టర్ల బీరువా తెరిచి మొదట అడిగేది ఆ నంబరే.